పాతవంతెన మీద ఒక పూట

పిల్లలూ! ఈసారి సెలవులకు హైదరాబాదు వెళితే చార్మినారు చూడండి, గోలకొండ చూడండి, జంతుప్రదర్శనశాల కూడా తప్పక చూడండి. అవన్నీ అయినాక ఒక్క పూట మిగుల్చుకుని పురానాపూల్‌కు వెళ్లండి. చార్మినారు నుంచి పడమరగా రెండు కిలోమీటర్లు నడిస్తే చాలు. ముందుగా ఒక పాత కోట గుమ్మం కనిపిస్తుంది. అది పురానాపూల్ దర్వాజా. ఒకప్పుడు హైదరాబాదు చుట్టూ ప్రహరీగోడా, దానికి పదమూడు పెద్ద దర్వాజాలూ ఉండేవి. ఇప్పుడు మిగిలినవి రెండే. ఒకటి దబీర్‌పురాలో ఉంది, రెండోది ఇదే.

ఆ గుమ్మం దాటితే మూసీనది. నది మీద రాతివంతెన. దాని పక్కనే వాహనాలు పోవడానికి కొత్త వంతెన కట్టారు గనక, ఈ ముసలి వంతెనకు ఇప్పుడు బరువులు మోసే పని తప్పింది. దాని మీద కూరగాయలు అమ్ముకునేవాళ్లు గంపలు దించుకుని కూర్చుంటారు. మీరు ఆ గంపల మధ్యగా నడిచి, పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూడండి. కమాను తరువాత కమాను, మొత్తం 22 కమానులు. పొడవు సుమారు 600 అడుగులు. దీన్ని 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టారు. ఈ ఇబ్రహీంకు తెలుగంటే చాలా ఇష్టం. మన తెలుగు కవులు ఆయన్ను తమవాడిగా చేసుకుని "మల్కిభరాముడు" అని పిలుచుకున్నారు.

అన్నట్టు, చార్మినారు కట్టింది 1591లో. అంటే ఊరు పుట్టడానికి పదమూడేళ్ల ముందే వంతెన పుట్టింది! ఊరే లేనప్పుడు వంతెన ఎందుకు కట్టారు?

ఈ ప్రశ్న మీరు అక్కడ ఎవరినైనా అడిగితే ఒక చక్కని కథ చెబుతారు. గోలకొండ రాకుమారుడు మహమ్మద్ కులీకి ఏటి అవతలి పల్లెలో భాగమతి అనే అమ్మాయి మీద మనసు పడిందట. ఒకనాడు మూసీ పొంగి పొరలుతూ ఉంటే, రాకుమారుడు లెక్కచేయక గుర్రాన్ని ఏటిలోకి దూకించాడట. కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వెంటనే వంతెన కట్టించాడట. కథ చాలా బాగుంది. కాని ఒక చిన్న లెక్క వేయండి. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తి అయింది 1578లో. అప్పటికి రాకుమారుడికి పన్నెండో పదమూడో ఏళ్లు! అంటే మీ ఈడు పిల్లవాడే.

మరి అసలు కారణం ఏమిటి? గోలకొండకోట ఇక్కడికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ కాలానికే కోటలో జనం కిటకిటలాడుతున్నారు. నీటికి కటకటగా ఉంది. కోట నుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తకులు ఏరు దాటి తూర్పుకు పోవాలి. వానకాలం వస్తే బళ్లు ఇవతలి గట్టునే ఆగిపోయేవి. ఇవన్నీ కలిసి వంతెనను కట్టించాయి. కథ ఒక్క కారణం చెబుతుంది. చరిత్రలో సామాన్యంగా ఒక్క కారణం ఉండదు. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి, ముందు ముందు మనకు పనికివస్తుంది.

ఇంకొక తమాషా విషయం. సరిగ్గా 1578లోనే పారిస్ నగరంలో సేన్ నది మీద ఒక వంతెనకు పునాది వేశారు. దాని పేరు పోన్ నెఫ్, అంటే "కొత్తవంతెన". తవెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు పదిహేడో శతాబ్దంలో ఇక్కడికి వచ్చి, మన వంతెనను ఆ పారిస్ వంతెనతో పోల్చాడు. ఇప్పుడు పారిస్‌లో మిగిలిన వంతెనలన్నిటిలోకీ ఆ "కొత్తవంతెనే" పాతది. మన వంతెన కూడా కట్టిన నాడు "పాతవంతెన" కాదు గదా! 1831లో దిగువన చాదర్‌ఘాట్ వంతెన, ఆ తరువాత అఫ్జల్‌గంజ్ దగ్గర నయాపూల్ వచ్చాక దీనికి ఆ పేరు వచ్చింది.

ఇక మనం ఇక్కడి నుంచి ఏటి వెంట దిగువకు నడుద్దాం. నాలుగు కిలోమీటర్లు పోతే కోఠీ వస్తుంది. దారిలో ఒక కథ చెబుతాను. ఇది రాకుమారుడి కథ కాదు, తుపాకుల కథ. ఇందులో కూడా "ఎందుకు?" అనే ప్రశ్న ఉంది.

తెలంగాణాలో ఎవరైనా గొప్పలు పోతే, "నువ్వేమన్నా తుర్రంఖానువా?" అంటారు. మీరూ విని ఉంటారు. ఈ తుర్రంఖాను ఎవరో కాదు, 1857లో హైదరాబాదులో తెల్లవాళ్ల మీదికి దండెత్తిన తుర్రెబాజ్‌ఖాన్ అని చెబుతారు. అంత ధైర్యంగలవాడు గనకనే అతని పేరు సామెత అయిపోయింది.

ఆ యేడు మే నెల 10వ తేదీన మీరట్‌లో కుంఫిణీ సిపాయిలు తిరగబడ్డారు. మర్నాటికల్లా ఢిల్లీ చేరుకున్నారు. కుంఫిణీ అంటే ఈస్టిండియా కంపెనీ అన్నమాట. ఆ కబురు హైదరాబాదుకు వచ్చేసరికి ఇక్కడ నిజాము నాసిరుద్దౌలా చనిపోయాడు. ఆయన కొడుకు అఫ్జలుద్దౌలా గద్దె ఎక్కాడు. దివానుగా సాలార్‌జంగు ఉన్నాడు. అప్పటికి ఆయనకు ముప్ఫయ్యేళ్లు కూడా నిండలేదు. కుంఫిణీ తరపున రెసిడెంటు కర్నల్ డేవిడ్సన్. ఈ రెసిడెంటు ఉండే పెద్ద భవనం, అంటే రెసిడెన్సీ, ఏటికి ఉత్తరపు గట్టున కోఠీలో ఉంది.

ఊళ్లో గోడల మీద తెల్లవాళ్ల మీద తిరగబడమని కాగితాలు అంటించసాగారు. జూన్ నెలలో ఔరంగాబాదులో గుర్రపుదళం ఎదురు తిరిగింది. అందులో చీదాఖాన్ అనే జమాదారు కొద్దిమంది రౌతులతో తప్పించుకుని, నిజాము ఆదుకుంటాడు గదా అని హైదరాబాదు వచ్చాడు. సాలార్‌జంగు వాళ్లను పట్టి రెసిడెంటుకు అప్పగించాడు. అంతటితో ఊరు భగ్గుమన్నది.

జులై 17వ తేదీ శుక్రవారం. మక్కామసీదులో నమాజు అయింది. చీదాఖాన్‌నూ అతని మనుషులనూ విడిపించాలని జనం పోగయినారు. తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ వాళ్లకు నాయకులు. వెంట అయిదువందల మంది దాకా రోహిల్లాలు, ఇంకా ఊరి జనం. సాయంకాలానికి వాళ్లు రెసిడెన్సీ పడమటి గోడ దగ్గరకు చేరి, పుత్లీబౌలీ వైపున ఉన్న రెండు సాహుకార్ల మేడలు ఎక్కి తుపాకులు పేల్చసాగారు. కాని సాలార్‌జంగు ముందుగానే రెసిడెంటుకు కబురు పంపాడు. లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. రాత్రంతా కాల్పులు జరిగాయి. ఫిరంగుల ముందు తుపాకులు ఎంతసేపు నిలుస్తాయి? తెల్లవారకముందే తిరుగుబాటుదారులు చెదిరిపోయారు.

కొద్దిరోజుల్లో తుర్రెబాజ్‌ఖాన్ దొరికిపోయాడు. యావజ్జీవం అండమాను దీవులకు పంపమని శిక్ష వేశారు. 1859 జనవరిలో అతను కాపలావాళ్ల కన్నుగప్పి పారిపోయాడు. పట్టి ఇచ్చినవారికి 5,000 రూపాయలు బహుమతి అని ప్రకటించారు. ఆ రోజుల్లో అది ఎంత సొమ్మో మీ తాతగారిని అడగండి! కొద్దిరోజులకే తూప్రాన్ దగ్గర అడవిలో అతన్ని చుట్టుముట్టి కాల్చి చంపారు. ఊరివాళ్లకు భయం పుట్టాలని అతని శవాన్ని తెచ్చి హైదరాబాదులో వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను కూడా పట్టుకుని 1859లో అండమానుకు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు. ఇప్పుడు కోఠీలో తుర్రెబాజ్‌ఖాన్ పేర ఒక రోడ్డు ఉంది. ఆనాటి వీరుల జ్ఞాపకార్థం ఒక స్తంభం కూడా ఉంది.

సరే, ఇప్పుడు ప్రశ్న. ఈ తిరుగుబాటు ఎందుకు జరిగింది?

"చీదాఖాన్‌ను పట్టి ఇచ్చినందుకు" అని మీరు వెంటనే అంటారు. అది నిజమే. కాని ఒక రైతును అడిగి చూడండి. పచ్చగడ్డి మీద నిప్పురవ్వ పడితే ఏమవుతుంది? చుయ్‌మని ఆరిపోతుంది. అదే రవ్వ ఎండిన గడ్డివామి మీద పడితే? ఊరంతా తగలబడుతుంది. రవ్వ అక్కడా ఒకటే, ఇక్కడా ఒకటే. కనక మంట ఎందుకు లేచిందో తెలియాలంటే రవ్వను చూస్తే చాలదు. గడ్డి ఎప్పటినుంచి ఎండుతున్నదో చూడాలి. చీదాఖాన్ విషయం రవ్వ. మరి గడ్డి?

గడ్డి ఎండడం దాదాపు నూరేళ్ల ముందు మొదలయింది. మొదటి నిజాము 1748లో చనిపోయాడు. గద్దె కోసం కొడుకు నాసర్‌జంగు, కూతురి కొడుకు ముజఫర్‌జంగు తగువు పడ్డారు. ఒకే ఇంటివాళ్లు, ఒకే దేశం వాళ్లు రెండు పక్షాలుగా చీలి యుద్ధం చేస్తే దాన్ని అంతర్యుద్ధం అంటారు. ఇది అచ్చంగా అలాంటిదే. ఒకరికి ఇంగ్లీషువాళ్లు, రెండో వారికి ఫ్రెంచివాళ్లు సాయానికి వచ్చారు. చివరకు ఏమయింది? 1750లో నాసర్‌జంగు చచ్చాడు, 1751లో ముజఫర్‌జంగు చచ్చాడు, సాయానికి వచ్చినవాళ్లు మాత్రం ఉండిపోయారు! ఇంటి తగువులోకి పొరుగువాణ్ణి పిలిస్తే జరిగేది ఇదే గదా.

తరువాత కుంఫిణీవాళ్లు, "మీకు శత్రువుల భయం లేకుండా మా సైన్యాన్ని మీ దగ్గర ఉంచుతాం. ఖర్చు మాత్రం మీరు భరించండి," అన్నారు. 1798లో ఒప్పందం అయింది. 1800లో ఆ ఖర్చు కింద నిజాము కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను కుంఫిణీకి ధారపోశాడు. మనం ఇప్పుడు రాయలసీమ అనే ప్రాంతాన్ని చాలాకాలం "దత్తమండలాలు" అన్నది అందుకే. అంతటితో బాకీ తీరిపోయిందనుకున్నారా? లేదు. రెసిడెంట్లు మరొక సైన్యాన్ని తయారుచేశారు. దానికి కంటింజెంటు అని పేరు. అందులో దొరలకు పెద్దపెద్ద జీతాలు. డబ్బు మాత్రం నిజాము ఖజానాలోంచి పోవాలి. ఖజానాలో లేకపోతే సాహుకార్ల దగ్గర వడ్డీకి తేవాలి. వడ్డీ మీద వడ్డీ పెరిగి కొండ అయింది. ఆఖరుకు 1853లో కుంఫిణీవాళ్లు బాకీ కింద నల్లరేగడి భూములున్న బేరారునూ, ధారాశివాన్నీ, రాయచూరు అంతర్వేదినీ తమ స్వాధీనం చేసుకున్నారు.

ఇంతకూ ఈ మాట చూడండి: ఆ అప్పు చేసింది రైతు కాదు, సిపాయి కాదు, ఊళ్లోని నేతగాడు కాదు. కాని దాని బరువు వాళ్ల నెత్తిన పడింది. జాగీర్లు పోయినవాళ్లు కొందరు. కొలువు పోయి కత్తి చేతపట్టుకుని వీధుల్లో తిరిగే అరబ్బులూ రోహిల్లాలూ కొందరు. మన రాజును వేరెవరో ఆడిస్తున్నారే అని కుమిలేవాళ్లు కొందరు. ఎవరి బాధ వారిదే, కాని అన్నీ ఒక్కచోటే పేరుకున్నాయి. గడ్డి ఎండిపోయింది. చీదాఖాన్ అనే రవ్వ పడింది.

మరి ఢిల్లీలో, లక్నోలో లేచినంత మంట ఇక్కడ ఎందుకు లేవలేదు? దానికీ కారణాలు ఉన్నాయి. నిజామూ, దివానూ కుంఫిణీ పక్షాన నిలిచారు. నిజాము చెయ్యిజారితే దక్షిణదేశమంతా చెయ్యిజారినట్టే అని ఆనాడు బొంబాయి గవర్నరు భయపడ్డాడు. సాలార్‌జంగు చేసింది ద్రోహం అనేవాళ్లు ఉన్నారు. రాజ్యం నాశనం కాకుండా కాపాడాడు అనేవాళ్లూ ఉన్నారు. 1859 మార్చిలో ఆయన మీదా, రెసిడెంటు మీదా హత్యాప్రయత్నం కూడా జరిగింది. మీరు నయాపూల్ దగ్గర ఉన్న సాలార్‌జంగు మ్యూజియానికి పోతే, అందులోని వస్తువులు పోగుచేసినది ఆయన మనుమడు. గడియారం గంట కొట్టే బొమ్మను చూస్తూ, ఆ తాతగారి గురించి కూడా ఒక్క నిమిషం ఆలోచించండి. మీరు ఆయన స్థానంలో ఉంటే ఏం చేసి ఉందురు? ఇది తేలిక ప్రశ్న కాదు. పెద్దవాళ్లే ఈనాటికీ ఒక్కమాట మీదికి రాలేదు.

మనం ఇలా నడుస్తూ ఉండగా, ఇదే కుంఫిణీ ప్రపంచానికి ఆ చివర చేసిన ఒక పని కూడా చెబుతాను. అమెరికాలో ఒకప్పుడు పదమూడు ఇంగ్లీషు వలసలు ఉండేవి. 1756 నుంచి 1763 వరకు ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ పెద్ద యుద్ధం జరిగింది. అది ఇక్కడా జరిగింది, అక్కడా జరిగింది. మన గోదావరి జిల్లాలో 1758లో జరిగిన చందుర్తి యుద్ధం అందులో భాగమే. ఇంగ్లీషువాళ్లు గెలిచారు గాని అప్పులపాలు అయినారు. ఆ అప్పు తీర్చడానికి వలసల మీద పన్నులు వేశారు. 1765లో కాగితాల మీద స్టాంపు పన్ను, తరువాత ఇంకా ఏవేవో వేశారు. "మీ పార్లమెంటులో మా మనిషి ఒక్కడూ లేడు. మమ్మల్ని అడక్కుండా మా మీద పన్ను వేయడానికి మీరెవరు?" అని వలసలవాళ్లు అడిగారు.

ఇంతలో ఈస్టిండియా కంపెనీ గిడ్డంగుల్లో అమ్ముడుపోని తేయాకు గుట్టలు పడింది. కంపెనీని ఆదుకోవడానికి 1773లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని మూలాన అమెరికాలో కంపెనీ తేయాకు ధర తగ్గింది. ధర తగ్గితే జనం సంతోషించాలి గదా! కాని ఆ చౌక తేయాకులోనే పన్ను దాగి ఉంది. అది కొనుక్కుంటే, పన్ను వేసే హక్కు పార్లమెంటుకు ఉన్నదని ఒప్పుకున్నట్టే. అందుచేత 1773 డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టను రేవులో కొందరు ఓడలెక్కి, 342 పెట్టెల తేయాకును సముద్రంలో పారబోశారు. అది రవ్వ. 1775లో యుద్ధం మొదలయింది, 1776 జులై 4న వాళ్లు తాము స్వతంత్రులమని ప్రకటించారు. 1781లో యార్క్‌టౌను వద్ద ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోయాడు. ఈ పేరు ఎక్కడో విన్నట్టు లేదూ? అవును, ఆయనే 1786లో మన దేశానికి గవర్నరు జనరలుగా వచ్చి, నిజాముతో కలిసి టిప్పు సుల్తాను మీద యుద్ధం చేశాడు! అక్కడ ఓడిన చెయ్యి ఇక్కడ గెలిచింది.

అమెరికావాళ్లు తమ ప్రకటనలో మనుషులంతా సమానంగా పుట్టారని రాసుకున్నారు. కాని ఆ ప్రకటన రాసిన జెఫర్సన్ దగ్గరే బానిసలు ఉన్నారు. ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పుకుని, ఆ ఇంటి వెనకే మరొక గడ్డివామిని ఎండబెట్టినట్టు అయింది. 1793లో దూది నుంచి గింజను వేరుచేసే యంత్రం వచ్చింది. పత్తి లాభసాటి అయింది. పత్తితోటలు పెరిగిన కొద్దీ బానిసలు కావలసి వచ్చింది. 1790లో ఏడు లక్షలు ఉన్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలు అయినారు. తల్లి నుంచి బిడ్డను విడదీసి సంతలో అమ్మేవారు. బానిసత్వం ఉండాలని దక్షిణపు రాష్ట్రాలు, కొత్త ప్రాంతాలకు అది పాకరాదని ఉత్తరంవాళ్లు ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. 1860 చివర లింకన్ అధ్యక్షుడుగా ఎన్నిక కాగానే దక్షిణపు రాష్ట్రాలు ఒక్కొక్కటే విడిపోసాగాయి. 1861 ఏప్రిల్ 12న దక్షిణంవాళ్లు సమ్టర్ కోట మీద ఫిరంగులు పేల్చారు. ఒకరోజు పైగా పేల్చినా ఆ కాల్పుల్లో ఒక్కడూ చావలేదు. అంత చిన్న రవ్వ! దాని నుంచి పుట్టిన అంతర్యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా చచ్చారు. 1865లో యుద్ధం ముగిసింది, బానిసత్వం రద్దయింది.

"ఆ అమెరికా యుద్ధానికీ మన మూసీ గట్టుకూ ఏమిటి సంబంధం?" అంటారా? ఉంది. ఇంగ్లండు బట్టల మిల్లులన్నీ అమెరికా పత్తితో నడిచేవి. యుద్ధం రాగానే ఆ పత్తి ఆగిపోయింది. మిల్లులవాళ్లు మన దేశపు పత్తి కోసం ఎగబడ్డారు. 1853లో నిజాము దగ్గర పుచ్చుకున్న బేరారు జ్ఞాపకం ఉందా? అది పత్తికి పుట్టినిల్లు! పత్తి ధర ఆకాశానికి అంటింది. 1865లో యుద్ధం ఆగగానే ధర నేలకు పడింది, అప్పులు చేసి పత్తి వేసిన రైతులు దెబ్బతిన్నారు. అంతకు ముందే, 1860లో, తిరుగుబాటు నాడు తోడుగా నిలిచినందుకు ఇంగ్లీషువాళ్లు నిజాముకు 50 లక్షల రూపాయల బాకీ రద్దుచేసి, రాయచూరునూ ధారాశివాన్నీ తిరిగి ఇచ్చేశారు. బేరారును మాత్రం తమ దగ్గరే అట్టేపెట్టుకున్నారు. ఆ తరువాత కూడా అది తిరిగి రాలేదు. ఇప్పుడది మహారాష్ట్రలోని విదర్భలో ఉంది.

అదుగో, కోఠీ వచ్చేసింది! ఎత్తయిన స్తంభాలూ, ముందు రెండు రాతి సింహాలూ ఉన్న ఆ భవనమే రెసిడెన్సీ. 1803 ప్రాంతంలో కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు దీన్ని కట్టించడం మొదలుపెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఇది ఆడపిల్లల కాలేజీ అయింది. 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

ఐలమ్మ ఎవరో తెలుసా? పాలకుర్తికి చెందిన చాకలి స్త్రీ. ఆమె కౌలుకు దున్నుకున్న పొలంలోని పంటను విసునూరు దేశముఖు మనుషులు ఎత్తుకుపోవాలని వస్తే, ఊరివాళ్లతో కలిసి ఎదురు నిలిచి తన గింజలు తన ఇంటికి చేర్చుకున్నది. ఆ రోజుల్లో తెలంగాణా పల్లెల్లో వెట్టిచాకిరీ ఉండేది. దొర పిలిస్తే ఏ కులవృత్తివారైనా కూలి లేకుండా పని చేయాలి. కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి, చాకలి బట్టలు ఊరికే ఉతకాలి. ఎన్నో ఏళ్లుగా ఆ గడ్డి కూడా ఎండుతూనే ఉంది. 1946 జులై 4న కడవెండిలో దేశముఖు మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ రవ్వ నుంచి లేచిన తెలంగాణా రైతాంగ పోరాటం 1951 దాకా సాగింది. ఒకనాడు తుర్రెబాజ్‌ఖాన్ మీద ఫిరంగులు పేల్చిన భవనం ఈనాడు ఒక చాకలి స్త్రీ పేరు మోస్తున్నది. లోపల ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారు.

పొద్దువాలుతున్నది. తిరిగి పాతవంతెన దగ్గరకే పోదాం. ఆఖరు సంగతి ఒకటి మిగిలి ఉంది.

1908 సెప్టెంబరు 28న మూసీకి భయంకరమైన వరద వచ్చింది. వేలకొద్దీ జనం కొట్టుకుపోయారు. ఏటి గట్టునున్న ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. వరద తీశాక ఊరివాళ్లు బురద ఎత్తిపోసి, గోడలు కట్టుకుని ఊరుకోవచ్చు. కాని వాళ్లు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, "ఇది ఎందుకు వచ్చింది?" అని అడిగారు. ఆయన ఊళ్లోని బురదను చూసి ఊరుకోలేదు. ఏటికి ఎగువన చూశాడు. పైన ఎన్నో చెరువులు తెగి ఆ నీరంతా ఒక్కసారిగా ఊరిమీద పడిందని తెలుసుకున్నాడు. ఎగువనే నీటిని ఆపాలని చెప్పాడు. అందుకే 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు తయారయినాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువులే తరువాత ఊరికి తాగేనీరు ఇచ్చాయి!

తిరుగుబాట్లూ, అంతర్యుద్ధాలూ వరదల వంటివే. అవి వచ్చినాక ఎవరిది తప్పని పోట్లాడుకోవడం తేలిక. రాకముందు ఎగువన చూసేవాళ్లు తక్కువ. బోస్టను వాళ్ల అర్జీలను లండనులో ఎవరైనా ఓపికగా చదివి ఉంటే? బానిస తల్లి ఏడుపును మొదటి రోజునే విని ఉంటే? ఖజానా దొరల జీతాలకు కరిగిపోతున్ననాడే ఆ లెక్కను ఎవరైనా సరిచూసి ఉంటే? పాలకుర్తి పొలంలో పండిన గింజ పండించినవారిదే అని దొర ఒప్పుకుని ఉంటే? ఏమయి ఉండేదో మనం చెప్పలేం. కాని ఈ ప్రశ్నలు అడగడం మాత్రం మానకూడదు.

ఇవి పెద్దవాళ్ల విషయాలు, మాకెందుకని అనుకోకండి. మీ తరగతిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటారు. "వాడు నా పెన్సిలు తీశాడు" అని ఒకడు చెబుతాడు. పెన్సిలు రవ్వ. అంతకు ముందు ఎన్నాళ్లనుంచి ఒకడు రెండోవాణ్ణి వెక్కిరిస్తున్నాడో, ఆటలో చేర్చుకోకుండా పక్కన నిలబెడుతున్నాడో, అది గడ్డి. మీరు మధ్యకు పోయి విడదీసేటప్పుడు పెన్సిలు సంగతి ఒక్కటే అడగకండి.

పురానాపూల్ కూడా వరదలకు దెబ్బతిన్నది, మరమ్మతులు చేయించుకున్నది. నాలుగున్నర శతాబ్దాలుగా కిందనుంచి నీరూ, పైనుంచి మనుషులూ పోతూనే ఉన్నారు. ఈసారి మీరు వెళ్లినప్పుడు కమానులన్నీ లెక్కపెట్టండి. 22 వచ్చాయో లేదో చూడండి. అంతటితో ఊరుకోక, పడమటివైపు తిరిగి, నీరు వచ్చే దిక్కున ఒక్కసారి ఎగువకు చూడండి.